కింగ్డా కా కూలిపోయింది. ఆ ఖాళీలో ఏం లేస్తుంది? ఊహలు, లెక్కలు, పందేలు ఇక్కడ

ఎడిసన్ బావ | 2025 మార్చి 2

న్యూజెర్సీలో గ్రేట్ అడ్వెంచర్ పార్కులో ఉన్న రోలర్ కోస్టర్ కింగ్డా కాని శుక్రవారం పొద్దున్నే పడగొట్టేశారు. వీడియో ఇప్పటికి పదిసార్లు చూశాను. 456 అడుగులు, మన లెక్కలో 139 మీటర్లు. మందు పేలాక కొన్ని క్షణాల్లో కుప్పకూలింది. 2005 మేలో తెరిచారు, ఇరవయ్యేళ్ళు కూడా నిండలేదు. దాని ఒంటికి అతికించిన జుమాంజారో డ్రాప్ రైడ్ కూడా దాంతోపాటే పోయింది.

న్యూజెర్సీలో ఉండే మనవాళ్ళకి ఇది మామూలు రైడ్ కాదు. ఇండియా నుంచి ఎవరు దిగినా ఒక వారం నయాగరా, ఇంకో వారం జాక్సన్‌లోని గ్రేట్ అడ్వెంచర్. పెద్దవాళ్ళు సఫారీలో జిరాఫీలు చూసేవాళ్ళు, కుర్రకారు దీని కింద నిలబడి మెడలు నొప్పెట్టేదాకా పైకి చూసేవాళ్ళు.

నవంబర్‌లో మూసివేత ప్రకటించినప్పుడే పార్కు యజమాని సిక్స్ ఫ్లాగ్స్ వాళ్ళు ఇంకో మాట అన్నారు. దీని బదులు ఒకటి కాదు, పలు ప్రపంచ రికార్డులు కొట్టే లాంచ్ కోస్టర్, అంటే గొలుసుతో పైకి లాగకుండా జోరుగా తోసి వదిలే రకం, 2026లో వస్తుందని. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పకపోతే మనం ఊరుకుంటామా?

నా ఊహ: 500 అడుగులు దాటిస్తారు. మీవి చెప్పండి.

రావిర్యాల రాకెట్ | 2025 మార్చి 2

500 ఏంది అన్నా, 600! లేకపోతే ఉన్నదాన్ని కూలగొట్టుడు ఎందుకు? ఇంతకన్నా పొట్టిది కడితే జనం నవ్వరా?

నేను హైదరాబాద్ వండర్‌లాకి పావుగంట దూరంలో ఉంటా. రికాయిల్ ఎన్నిసార్లు ఎక్కిన్నో లెక్క లేదు. ముందుకు పోయిన దారిలోనే వెనక్కి తెస్తది చూడు, ఆ వెనక్కి వచ్చేటప్పుడే అసలు మజా. కింగ్డా కా మాత్రం వీడియోల్లోనే చూసిన. ఎక్కుదాం అనుకునేలోపే కూల్చేశిన్రు.

మోటార్ల మాస్టారు | 2025 మార్చి 3

నేను ముప్పై నాలుగేళ్ళు థర్మల్ స్టేషన్‌లో మోటార్లతో కాపురం చేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. రైడ్లు ఎక్కే వయసు కాదు గానీ, అది ఎందుకు పోయిందో మాత్రం చెప్పగలను. ఎందుకు పోయిందో తెలిస్తే ఏం వస్తుందో సగం తెలిసినట్టే.

చాలామంది కింగ్డా కా అంటే ఎత్తు అనుకుంటారు. ఇంజనీరు కంటికి అది ఎత్తు కాదు, తాడు. మన బావి గిలక గుర్తు చేసుకోండి. తాడు, గిలక, చేద. ఇక్కడ చేద బదులు రైలు. ఒక పెద్ద డ్రమ్ముకి ఉక్కు తాడు చుట్టి, తాడు చివర ఒక చిన్న బండి పెట్టారు. ఆ బండి రైలుని పట్టుకుని ముందుకి ఈడ్చుకుపోతుంది. డ్రమ్ముని తిప్పేది హైడ్రాలిక్ మోటార్లు. వాటికి బలం ఎక్కడిదంటే, లాంచ్‌కీ లాంచ్‌కీ మధ్య పంపులు నూనెని తోసి, సిలిండర్లలో ఉన్న నైట్రోజన్‌ని నొక్కి పెడతాయి. సైకిల్ పంపు చివర వేలు అడ్డం పెట్టి నొక్కినట్టు. వదలగానే ఆ గ్యాసు ఒక్కసారిగా నూనెని తన్నుతుంది, మోటార్లు తిరుగుతాయి, తాడు లాగుతుంది. మూడున్నర సెకన్లలో గంటకి 206 కిలోమీటర్లు. ఆ క్షణాన 20,800 హార్స్‌పవర్ దాకా వస్తుందని లెక్క.

తాడున్న చోట అరుగుదల ఉంటుంది. మొదటి ఏడాదే, తెరిచిన మూడు వారాలకి, తాడు నడిచే కాలవలో ఒక బోల్టు ఊడి తాడు దెబ్బతింది. దాదాపు రెండు నెలలు ఆగిపోయింది. 2009లో పిడుగు పడి మళ్ళీ నెలల తరబడి మూత. తాడు మార్చాలి, నూనె చూడాలి, సీళ్ళు చూడాలి. రోజూ ముస్తాబు చేస్తే తప్ప గడప దాటని పెళ్ళికొడుకు అది.

కాబట్టి ఎంత ఎత్తు అని కాదు, దేనితో తోస్తారు అని అడగండి. మళ్ళీ హైడ్రాలిక్ మాత్రం రాదు. వస్తే నా మీసం తీయించుకుంటాను.

బ్యాగుల కాపలా | 2025 మార్చి 3

మాస్టారూ, మీకు మీసం ఉందో లేదో మాకెలా తెలుస్తుందండీ 😄

నేను ఆ పార్కుకి రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ అందరి బ్యాగులు, ఫోన్లు, కళ్ళజోళ్ళు, ఒకసారైతే మా మరిది చెప్పులు కూడా పట్టుకుని కింద బెంచీ మీద కూర్చున్నాను. ఈ పేరు అలా వచ్చిందే. ఒక డౌటు. ఒకసారి రైలు పైదాకా వెళ్ళి, శిఖరం మీద తూగి, మళ్ళీ ఇటువైపే వెనక్కి జారింది. నా గుండె ఆగిపోయింది. పక్కనున్న అమెరికన్లేమో చప్పట్లు కొడుతున్నారు! ఏమిటది?

ఎడిసన్ బావ | 2025 మార్చి 3

అక్కా, మీరు చూసింది రోల్‌బ్యాక్! జనం దాని కోసమే మొక్కుకునేవాళ్ళు. ఎదురుగాలి వల్లో, చల్లటి పొద్దున చక్రాలు బిగుసుకుపోయో, రైలుకి కాస్త వేగం తగ్గితే కొండ ఎక్కలేక వెనక్కి జారుతుంది. ప్రమాదం కాదు. రైలు ముందుకు వెళ్ళిపోగానే లాంచ్ ట్రాక్ మీద బ్రేకు రెక్కలు పైకి లేస్తాయి. వెనక్కి వస్తే అవే మెత్తగా ఆపేస్తాయి. మళ్ళీ లాంచ్ చేస్తారు. ఒక టికెట్‌కి రెండు లాంచ్‌లు!

నేను రెండుసార్లు ఎక్కాను, రోల్‌బ్యాక్ మాత్రం రాలేదు. నాకు బాగా గుర్తున్నది ఆ వేగం కూడా కాదు. స్టేషన్ దాటి లాంచ్ ట్రాక్ మీదికి వచ్చి ఆగుతుంది. ముందు ఏమీ లేదు, నిటారుగా నిలబెట్టిన ట్రాకు తప్ప. బ్రేకు రెక్కలు కిందకి దిగిన చప్పుడు. తర్వాత ఏ శబ్దమూ ఉండదు. ఎన్ని సెకన్లో తెలియదు గానీ, ఆ కాసేపట్లో పక్కన కూర్చున్న మా బావమరిది హనుమాన్ చాలీసా మొదలుపెట్టి రెండో లైనుకి వచ్చాడు. మూడో లైను న్యూజెర్సీ మొత్తానికి వినపడింది.

రావిర్యాల రాకెట్ | 2025 మార్చి 4

మాస్టారు గారూ, హైడ్రాలిక్ కాకపోతే మాగ్నెట్లే కదా? నేను చదివినంత వరకు మాగ్నెట్ లాంచ్‌కి అంత స్పీడు రాదు. వంద, నూటఇరవై కిలోమీటర్లు, అంతే. అందుకే ఎత్తైనవాటికి అన్నిటికీ హైడ్రాలిక్ పెట్టిన్రు. నా పాయింట్ ఏమన్నా తప్పా?

బే ఏరియా బుజ్జి | 2025 మార్చి 4

తప్పే బ్రో. లాస్ ఏంజిలిస్ దగ్గర మ్యాజిక్ మౌంటెన్‌లో సూపర్‌మ్యాన్ రైడ్ 1997లోనే మాగ్నెట్లతో గంటకి వంద మైళ్ళు, అంటే 160 కిలోమీటర్ల వేగానికి డిజైన్ చేసింది, టవరు 415 అడుగులు. కింగ్డా కా కంటే ఎనిమిదేళ్ళు ముందు! స్పెయిన్‌లో ఫెరారీ ల్యాండ్‌లోని రెడ్ ఫోర్స్ చూడు. 2017, 112 మీటర్లు, 180 కిలోమీటర్లు. కింగ్డా కా చేసిన ఇంటామిన్ కంపెనీదే. ఆకారం కూడా అచ్చు అదే. తాడు లేదు, నూనె లేదు, అంతా మాగ్నెట్లు. ఆ కంపెనీయే తన పాత పద్ధతి పక్కన పెట్టేసిందంటే అర్థం చేసుకో.

మోటార్ల మాస్టారు | 2025 మార్చి 4

బుజ్జిగారు మంచి ఉదాహరణ ఇచ్చారు. ఇక లెక్కలోకి వద్దాం. మీ ఇంట్లో ఎనిమిదో క్లాసు పిల్లాడుంటే పక్కన కూర్చోబెట్టుకోండి.

139 మీటర్లు ఎక్కాలంటే కింద కనీసం ఎంత వేగం కావాలి? వేగం వర్గం అంటే రెండు ఇంటూ 9.8 ఇంటూ ఎత్తు. వచ్చేది సెకనుకి 52 మీటర్లు, గంటకి దాదాపు 188 కిలోమీటర్లు. కింగ్డా కా కొట్టింది 206. అంటే గాలికి, చక్రాల రాపిడికి పోనూ కొంచెమే మిగిలింది. ఆ మిగిలింది కూడా ఎదురుగాలి తినేస్తే మన బ్యాగుల కాపలా గారు చూసిన దృశ్యం. రోల్‌బ్యాక్ ఎందుకొచ్చేదో ఈ ఒక్క లెక్కలోనే ఉంది.

ఇప్పుడు రావిర్యాల తమ్ముడి 600 అడుగులకి రండి. 183 మీటర్లు. గాలీ రాపిడీ అసలు లేవనుకున్నా గంటకి 216 కిలోమీటర్లు కావాలి. నిజానికి 235 దాటాలి. రైలు బరువు, మనుషులతో కలిపి, ఒక 12 టన్నులనుకుందాం. 206కి తీసుకెళ్ళడానికే మూడున్నర సెకన్లపాటు సగటున ఐదున్నర మెగావాట్లు. 235కి ఇంకో ముప్పై శాతం. మా స్టేషన్‌లో ఒక పెద్ద బాయిలర్ ఫీడ్ పంపు మోటారు తినే కరెంటు అది, మూడు నాలుగు సెకన్లకి! కరెంటు కంపెనీవాడు ఊరుకోడు. ఊరంతా బల్బులు మినుకుమంటాయి.

దీనికి విరుగుడు ఉంది. కొద్దికొద్దిగా తీసుకుని దాచుకుని, ఒక్కసారి వదలడం. హైడ్రాలిక్‌లో నైట్రోజన్ చేసిన పని అదే. ఓర్లాండోలో హల్క్ కోస్టర్‌కి 1999లో పెద్ద ఫ్లైవీల్స్ పెట్టారు, బరువైన చక్రాన్ని తిప్పుతూ ఉంచి అవసరమైనప్పుడు దాని జోరుని కరెంటుగా లాక్కోవడం. ఇప్పుడు సూపర్‌కెపాసిటర్లు వచ్చాయి. అందుకే మాగ్నెట్ పద్ధతి ఈ రోజుల్లో చవకపడింది.

మాగ్నెట్ లాంచ్ అంటే భయపడకండి. సీలింగ్ ఫ్యాను మోటారుని నిలువునా కోసి, చాప పరిచినట్టు పట్టాల మధ్య పరిచారనుకోండి. ఫ్యాను గుండ్రంగా తిరగాల్సింది, ఇక్కడ తిన్నగా పరిగెడుతుంది. అంతే. బ్రేకులు ఇంకా సులువు. పాత కరెంటు మీటర్లలో అల్యూమినియం చక్రం తిరిగేది కదా, దాన్ని అదుపులో ఉంచడానికి పక్కనే ఒక అయస్కాంతం ఉండేది. చక్రం ఎంత జోరుగా తిరిగితే అంత గట్టిగా వెనక్కి లాగేది. కోస్టర్ బ్రేకు కూడా అదే సూత్రం. తాకదు, అరగదు, కరెంటు పోయినా పనిచేస్తుంది.

గోదారి టు గల్ఫ్ | 2025 మార్చి 5

అబుదాబి నుంచి. ఫెరారీ వరల్డ్‌లో ఫార్ములా రోసా మూడుసార్లు ఎక్కాను, దాని సంగతి చెప్తా. 2010లో తెరిచారు, అది కూడా హైడ్రాలిక్ లాంచే. గంటకి 240. ఎక్కేముందు కళ్ళకి గాగుల్స్ ఇస్తారు, ఇసుకో పురుగో కంట్లో కొడితే అంతే సంగతులు. ఎత్తు 52 మీటర్లే. కాబట్టి వేగం వేరు, ఎత్తు వేరు.

అసలు విషయం అది కాదు. మీరంతా న్యూజెర్సీ వైపే చూస్తున్నారు గానీ, రియాద్ పక్కన ఖిద్దియాలో ఫాల్కన్స్ ఫ్లైట్ కడుతున్నారు. కొండ అంచు మీద నుంచి కిందకి దూకేలా. 195 మీటర్లు, గంటకి 250, పొడవు 4,250 మీటర్లు. ఎత్తు, వేగం, పొడవు, మూడూ దానివే. ఇప్పుడు ఆ పార్కు పేరు చూడండి. సిక్స్ ఫ్లాగ్స్ ఖిద్దియా సిటీ!

తన పేరు పెట్టుకున్న పార్కులోనే మూడు రికార్డులూ పెడుతున్న కంపెనీ, ఏడాది తిరక్కుండా న్యూజెర్సీలో దాన్నే కొట్టేస్తుందా? ఎవరైనా తన దుకాణం ఎదురుగా తనే ఇంకో దుకాణం పెట్టుకుంటాడా?

ఎడిసన్ బావ | 2025 మార్చి 5

... ఇది నాకు తట్టలేదు.

రావిర్యాల రాకెట్ | 2025 మార్చి 5

అట్లైతే పలు ప్రపంచ రికార్డులు అన్నది ఏంది మరి? ఎత్తు కాదు, వేగం కాదు, పొడవు కాదు. ఇంకేం మిగిలింది?

బే ఏరియా బుజ్జి | 2025 మార్చి 5

రికార్డులకేం కొదవ బ్రో. ఎత్తు, వేగం అన్నవి నేరుగా గెలిచే పరుగు పందెం. అది గెలవలేకపోతే మూడుకాళ్ళ పందెం పెట్టుకుంటారు. లాంచ్ కోస్టర్లలో ఎక్కువ తిరగబడేది అనొచ్చు. తలకిందులు చేయడంలో ఇంగ్లండ్‌లోని స్మైలర్ 14 సార్లతో ఉంది, అది గొలుసుతో లాగే రకం. లాంచ్ అన్న మాట చేరిస్తే పోటీ తగ్గిపోతుంది. ఓర్లాండోలో హాగ్రిడ్ బైక్ రైడ్‌కి 7 లాంచ్‌లు, ఇక్కడ ఇంకా ఎక్కువ పెడతామనొచ్చు. ఒకే పట్టా మీద ముందుకీ వెనక్కీ అత్యంత వేగం అనొచ్చు. ప్రెస్ నోట్ రాసేవాడికి విశేషణాలు దొరికితే చాలు, రికార్డులు వాటంతటవే వస్తాయి. పైన్ చెట్ల మధ్య ఉన్న వాటిలో అతి పెద్దది అన్నా మనం కాదనలేం.

ఒహాయో ఒంటెద్దు | 2025 మార్చి 6

ఆలస్యంగా వచ్చాను, డ్యూటీ. నేను ఒహాయోలోని సీడార్ పాయింట్ పార్కుకి దగ్గర్లో ఉంటాను కాబట్టి ఈ చర్చలో ఒక పెద్ద ఖాళీ కనిపిస్తోంది. కింగ్డా కాకి అన్న ఉన్నాడు, అతనికి ఇప్పటికే మరుజన్మ అయింది.

టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్, 2003, 420 అడుగులు, 120 మైళ్ళు. అదే హైడ్రాలిక్. 2021 ఆగస్టులో రైలు నుంచి ఒక లోహపు పలక ఊడి కింద క్యూలో ఉన్న ఒక మహిళ తలకి తగిలింది. ఆ తర్వాత ఆ రూపంలో మళ్ళీ తిరగలేదు. కానీ వాళ్ళు టవరు కూల్చలేదు. హైడ్రాలిక్ పీకేసి మాగ్నెట్లు పెట్టారు, వెనక కూడా 420 అడుగుల ట్రాక్ ఒకటి నిలబెట్టారు. 2024లో టాప్ థ్రిల్ 2 అని తెరిచారు.

అది ఎలా నడుస్తుందంటే, మన ఉయ్యాలే. మొదటి ఊపుకి ముందు టవరు సగం దాకా వెళ్ళి జారుతుంది. వెనక్కి వస్తున్నప్పుడు మాగ్నెట్లు ఇంకోసారి తోస్తాయి, వెనక ట్రాక్ మీదికి నిటారుగా, ఆకాశం వైపు వీపు, నేల వైపు ముఖం. అక్కణ్ణుంచి కిందకి జారేటప్పుడు మూడో తోపు. అప్పుడు దాటేస్తుంది. ఒక్కసారే అంత బలం పెట్టక్కర్లేదు, పొడవాటి లాంచ్ ట్రాక్ అక్కర్లేదు, మూడు కిస్తీల్లో కట్టేయొచ్చు.

తెరిచిన వారానికే మూతపడింది, అది కూడా చెప్పాలి. లాంచ్ బాగానే ఉంది, రైళ్ళ చక్రాల దగ్గర గొడవ. సీజన్ మొత్తం పోయింది. ఈ ఏడాది తెరుస్తామంటున్నారు.

ఇంకో సంగతి. నిరుడు జూలైలో సీడార్ పాయింట్ యజమాని కంపెనీ, సిక్స్ ఫ్లాగ్స్ కలిసిపోయాయి. ఒహాయోలో చేతులు కాల్చుకున్నవాళ్ళే న్యూజెర్సీలో నిర్ణయం తీసుకున్నారు. అందుకే పాత టవరుని మార్చే పని పెట్టుకోకుండా ఏకంగా కూల్చేశారు. ఇది నా ఊహే, కానీ ఒట్టి ఊహ కాదు.

మోటార్ల మాస్టారు | 2025 మార్చి 6

ఒంటెద్దు గారూ, మూడు కిస్తీలు అన్న మాట నేను దొంగిలించేస్తున్నాను. ఒక చిన్న చేర్పు. ఉయ్యాలలో ఇబ్బంది కూడా ఉంది. ఒక రైలు ఊగుతున్నంతసేపూ ఆ ట్రాక్ మీద ఇంకోటి రాకూడదు. కింగ్డా కా రైలులో 18 మంది. అలాంటి రైలు ఊగి ఊగి దాటేసరికి క్యూలో ఉన్నవాళ్ళకి గడ్డాలు పెరుగుతాయి. స్టేషన్ పక్కన ట్రాక్ మార్చే అమరిక పెడితే కొంత నయం. టాప్ థ్రిల్ 2లో అదే చేశారు.

నా జోస్యం: మాగ్నెట్ లాంచ్, కనీసం మూడు తోపులు, పొడవాటి ట్రాక్, ఎత్తు 456 అడుగులకి లోపే. రాసిపెట్టుకోండి.

రావిర్యాల రాకెట్ | 2025 మార్చి 6

పందెం మాస్టారూ! 456 దాటుతది. పందెం ఏమిటో మీరే చెప్పున్రి.

మోటార్ల మాస్టారు | 2025 మార్చి 6

మాది ఆత్రేయపురం పక్క ఊరు. రెండు డబ్బాల పూతరేకులు. నెయ్యి, బెల్లం, జీడిపప్పు రకం. నేను ఓడితే మా వాళ్ళు హైదరాబాద్ తెచ్చి ఇస్తారు. మీరు ఓడితే మీరు ప్లెయిన్స్‌బరో పంపాలి. కస్టమ్స్ గొడవ మీదే.

ఎడిసన్ బావ | 2025 మార్చి 8

నిజాలు కావాలంటే ఎక్కడ వెతకాలో చెప్తా, కొత్తవాళ్ళకి పనికొస్తుంది.

అమెరికాలో 200 అడుగులు దాటి ఏది కట్టినా విమానయాన శాఖ, అదే ఎఫ్ఏఏకి ముందుగా కాగితం పెట్టాలి. క్రేన్‌కి కూడా. అవి ఎవరైనా చూడొచ్చు. పైగా జాక్సన్ పక్కనే లేక్‌హర్స్ట్ సైనిక స్థావరం ఉంది, విమానాలు, హెలికాప్టర్లు తిరిగే చోటు. అక్కడ ఎత్తు గుట్టుగా ఉంచడం కుదరదు. రెండోది, టౌన్‌షిప్ ప్లానింగ్ బోర్డు మీటింగులు. డ్రైనేజీ మ్యాపులో పునాది చుక్కలు కనపడితే చాలు, మావాళ్ళు ఆ చుక్కలు కలిపి ట్రాక్ గీసేస్తారు. చిన్నప్పుడు ఆదివారం పేపర్లో చుక్కలు కలిపితే ఏనుగు వచ్చేది కదా, అలాగే. ఒక్కోసారి వచ్చింది ఏనుగా, కారు పార్కింగా అన్నది ఆర్నెల్లు తెలియదు.

మూడోది ట్రేడ్‌మార్కు దరఖాస్తులు. నాలుగోది, అన్నిటికంటే నమ్మదగింది, పార్కు వెనక ఖాళీ స్థలంలో దిగే ట్రాక్ ముక్కల రంగు. రంగు తెలిస్తే థీమ్ ఊహించొచ్చు.

ఇవేవీ లేకుండా మా కజిన్ పార్కులో పనిచేస్తాడు అని మొదలుపెట్టే పోస్టులని దయచేసి నమ్మకండి. అమెరికాలో అందరి కజిన్లూ అక్కడే పనిచేస్తుంటే క్యూ ఎవరు కడుతున్నారు?

బ్యాగుల కాపలా | 2025 మార్చి 8

మీరంతా ఇంత చెప్పారు, నాదొకటి. కొత్తది ఏదైనా పెట్టుకోండి, కింద కూర్చునేవాళ్ళకి కొంచెం నీడ పెట్టమనండి. జూలైలో ఆ బెంచీ మీద కూర్చుంటే దోసె వేసుకోవచ్చు. ఎవరూ దీని గురించి ఊహాగానాలు చెయ్యరు.

వేదిక నిర్వాహకుడు | 2025 మార్చి 9

నిన్న రాత్రి సీడార్ పాయింట్ గొప్పదా, గ్రేట్ అడ్వెంచర్ గొప్పదా అంటూ సాగిన 31 పోస్టులు తీసేశాను. సినిమా హీరోల గొడవ చూసినట్టుంది. బ్యాగుల కాపలా గారి నీడ అభ్యర్థన మాత్రం ఉంచాను.

ఒహాయో ఒంటెద్దు | 2025 మార్చి 9

సారీ గురూ. సగం నావే.

గోదారి టు గల్ఫ్ | 2026 జనవరి 18

పాత చర్చని లేపుతున్నాను, తిట్టకండి.

డిసెంబర్ 31న ఖిద్దియా తెరిచారు. ఫాల్కన్స్ ఫ్లైట్ నిజంగా నడుస్తోంది. 195 మీటర్లు, 250 కిలోమీటర్లు, ఇప్పుడవి కాగితం మీది అంకెలు కావు. ఫార్ములా రోసా పదిహేనేళ్ళ వేగం రికార్డు పోయింది. హైడ్రాలిక్ కొట్టిన అంకెని మాగ్నెట్ దాటేసింది, మాస్టారి మీసం భద్రం. నేనింకా వెళ్ళలేదు, రంజాన్ సెలవులకి కారులో పోదామని నలుగురం అనుకుంటున్నాం.

ఒక్కటి గమనించాను. దాని ముందు బండికి కారుకున్నట్టు అద్దం పెట్టారు, గాలి తన్నకుండా. నాకైతే గాగుల్సే ఇష్టం. ముఖం మీద గాలి కొట్టకపోతే 250 ఏంటి, 100 ఏంటి?

మోటార్ల మాస్టారు | 2026 జనవరి 18

అద్దం లేకపోతే ముందు సీటువాళ్ళ బుగ్గలు చెవుల దగ్గరికి పోతాయి బాబూ. వేగం రెట్టింపైతే గాలి తాకిడి నాలుగింతలు.

లెక్క చూశారా? 250 అంటే సెకనుకి 69 మీటర్లు. రాపిడి లేకపోతే ఆ ఊపుతో దాదాపు 246 మీటర్లు ఎక్కొచ్చు. వాళ్ళ ఎత్తు 195. అంటే చేతిలో బాగా ఉంచుకున్నారు. కింగ్డా కాకి ఆ వెసులుబాటు లేదు. ఎడారి గాలిలో రైలు మధ్యలో ఆగకూడదు కదా.

బ్యాగుల కాపలా | 2026 జనవరి 19

సంక్రాంతికి ఇండియా వచ్చాను. మా ఆడపడుచు వాళ్ళు చెన్నైలో ఉంటారు. డిసెంబర్‌లో కొత్తగా తెరిచిన వండర్‌లాకి లాక్కెళ్ళారు. అక్కడ తంజోరా అని ఒకటి ఉంది. ట్రాక్ పైన, మనం కింద వేలాడుతూ. కాళ్ళ కింద నేల ఉండదు.

ఎక్కాను.

ఎడిసన్ బావ | 2026 జనవరి 19

ఏంటీ!! అక్కా, వివరంగా రాయండి! గ్రేట్ అడ్వెంచర్‌లో 1993 నుంచి ఉన్న బ్యాట్‌మ్యాన్ కూడా ఆ రకమే, తంజోరా చేసిన కంపెనీదే, బీ అండ్ ఎం. మీరు రెండుసార్లూ దాని కింద నుంచే నడిచి వెళ్ళుంటారు.

బ్యాగుల కాపలా | 2026 జనవరి 19

వివరాలేం లేవు తమ్ముడూ. మొదటి మలుపు దగ్గర కళ్ళు మూసుకున్నాను, బ్రేకు పడ్డాక తెరిచాను. మధ్యలో ఎవరో అరిచారు, నేనే అనుకుంటా. చెప్పులు మాత్రం ముందే విప్పి ఇచ్చాను.

రావిర్యాల రాకెట్ | 2026 జనవరి 20

బ్యాగులు ఎవరు పట్టుకున్నరు అక్కా?

బ్యాగుల కాపలా | 2026 జనవరి 20

మా మరిది. పన్నెండేళ్ళ బాకీ.

రావిర్యాల రాకెట్ | 2026 జనవరి 20

మాస్టారూ, మన పందెం సంగతి? 2026 వచ్చేసింది.

మోటార్ల మాస్టారు | 2026 జనవరి 20

జాక్సన్‌లో చలికి పార్కే మూసి ఉంది నాయనా, తొందరపడకు. అక్కడ కొత్త బండి కదిలి, మనిషి ఎక్కి దిగేదాకా పందెం తేలదు. అప్పటిదాకా పూతరేకులు కొనకు, మెత్తబడిపోతాయి.

ఎడిసన్ బావ | 2026 జనవరి 21

నా 500 అడుగులు మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. మాస్టారి వైపు చేరుతున్నా. గెలిస్తే ఒక డబ్బా నాది.

మోటార్ల మాస్టారు | 2026 జనవరి 21

సగం డబ్బా. గోడ దూకినవాళ్ళకి అంతే.